నలుపు పక్కన నలుపు

దేనినీ పనికిరానిదని పారవేయని దేవునికి స్తోత్రం. చెడిపోయినదాన్ని చేతిలోకి తీసుకుని, ఎక్కడ చెడిందో ఓపికగా వెతికి, మళ్ళీ నిలబెట్టేవాడికి మహిమ. నన్ను కూడా ఆయన చాలాసార్లు విప్పి బిగించాడు. అందులో ఒకసారి సంగతి ఇక్కడ రాస్తున్నాను. తప్పు నాది, దిద్దుబాటు ఆయనది.

నేను రైల్వే సిగ్నల్ శాఖలో పనిచేసేవాణ్ణి. మా నాన్న గుంటూరు జిల్లా నుంచి ఇదే శాఖలో ఉద్యోగానికి రాయ్‌పూర్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలోనే పెరిగాను. మా సంఘంలో రెండు అలవాట్లున్నాయి. ఈ కథ అంతా వాటి మధ్యే నడిచింది కాబట్టి ముందే చెబుతాను.

మొదటిది బల్ల సిద్ధం చేయడం. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల ఉంటుంది. ఆ పని మా నాన్న చేసేవాడు, ఆయన తర్వాత నాకు వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ ముడత లేకుండా పరవాలి. మధ్యలో రొట్టె పళ్ళెం, అటు ఎన్ని గిన్నెలుంటే ఇటూ అన్నే ఉండాలి. గుమ్మంలో నిలబడి చూస్తే రెండు వైపులా తూకం వేసినట్టు కనిపించాలి. ఇరవై ఏళ్ళు చేశాక నా చేతులకి అది తప్ప వేరే రకంగా సర్దడం రాకుండా పోయింది.

రెండోది పాట అందివ్వడం. మా సంఘంలో చదువు రాని ముసలివాళ్ళు చాలామంది ఉండేవారు. అందుకని ఒకరు నిలబడి ఒక్క పాదం చదివి చెబుతారు. అందరూ ఆ పాదం పాడతారు. అది పూర్తయితే గాని రెండోది చెప్పరు. పుస్తకం లేనివాళ్ళూ మొత్తం పాట పాడి ఇంటికెళతారు. మా సంఘంలో పాట అందిచ్చేది సిస్టరమ్మ.

ఆవిడ ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరయింది. పశ్చిమ గోదావరి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. రిటైరైన ఏడాదే ఊరి శివారు బీర్‌గావ్‌లో మా సంఘం కట్టిన చిన్న ప్రార్థన మందిరం పక్క గదిలో ఆడవాళ్ళకి టైపింగు నేర్పడం మొదలుపెట్టింది. ఒక ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త కంప్యూటర్లు కొనుక్కుని, పాత 386 రకం పెట్టెలు మూడు ఆవిడకి ఇచ్చేశారు. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు పక్కనున్న ఉర్లా ఫ్యాక్టరీల కార్మికుల భార్యలు, చెల్లెళ్ళు. అందరూ ఛత్తీస్‌గఢీ, హిందీ మాట్లాడేవాళ్ళే. అందులో ఇద్దరికి ఫ్యాక్టరీ గేటు దగ్గర పాసులు టైపు చేసే పని దొరికింది. అప్పటినుంచి పొద్దున్నే గది ముందు చెప్పులు బారులు తీరేవి.

కాని బీర్‌గావ్ గాలిలో మసి. కిటికీ మూసినా వస్తుంది. అది పెట్టెల్లోకి దూరి ఫ్యాను బిగుసుకుపోయేది, లోపల గుచ్చిన కార్డులు పట్టు వదిలేసేవి. టౌనులో మెకానిక్కులు ఆ పాత పెట్టెల పేరు చెబితేనే నవ్వేవాళ్ళు. అందుకని మోవాలో మా ఇంటి నుంచి స్కూటరేసుకుని నేనే వెళ్ళేవాణ్ణి. విప్పి, దులిపి, బిగించి వచ్చేవాణ్ణి. వాళ్ళందరూ నన్ను పెద్ద ఇంజనీరులా చూసేవారు. నాకది బాగుండేది. ఆ మాట దాచను.

సంఘం సెక్రటరీ గారికి ఆ గది కావాలి. ఆయన రిటైరైన రైల్వే గార్డు, ఖచ్చితమైన మనిషి. మందిరం కుర్చీలు, షామియానా గుడ్డలు చూరు కింద వానకి తడిసి పాడైపోతున్నాయని ఆయన బాధ. అది నిజమైన బాధే. ఒక కమిటీ మీటింగులో, పనిచేయని పెట్టెలకి గది ఎందుకని అడిగాడు. నేను చూసుకుంటున్నానని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

"మీరొస్తే లేస్తాయి, మీరెళితే పడుకుంటాయి. ఇదేమన్నా స్వస్థత కూటమా బ్రదర్? రేపు మీకు బదిలీ వస్తే వీటిని లేపేదెవరండి?"

కమిటీ అంతా నవ్వింది. సిస్టరమ్మ నవ్వలేదు. ఆయన అడిగిందాంట్లో తప్పేముందంటూ, ఈస్టర్ దాకా గడువు ఇవ్వమని అడిగింది. ఈస్టర్ లోపల నా చెయ్యి పడకుండా కనీసం రెండు పెట్టెలు నడుస్తాయని చూపిస్తే గది ఉంటుంది, లేకపోతే కుర్చీలకి ఇచ్చేయాలి. అలా తీర్మానం రాసుకున్నారు.

బయటికొచ్చాక సిస్టరమ్మ నన్ను ఆపి, నీ తలలో ఉన్నదంతా కాగితం మీద పెట్టు నాయనా, ఫొటోలతో పెట్టు, తెలుగులో రాస్తే నేను చదివి వీళ్ళకి హిందీలో చెప్పుకుంటాను అంది.

ఎంత ఉత్సాహంగా మొదలుపెట్టానో ఇప్పటికీ గుర్తుంది. దేవేంద్ర నగర్‌లో నాకు తెలిసిన స్టూడియో భయ్యా ఒకాయన ఉండేవాడు. పెళ్ళి ఫొటోలు తీసేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి పిలిచాను. పెట్టె మూత తీయగానే లోపలికి తొంగిచూసి, "భయ్యా, ఈ పెళ్ళికూతురు ముసుగు తీస్తే అంతా పేగులే" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది.

పేగులు కనబడకూడదనే నేను అంత కష్టపడ్డాను. మసంతా తుడిచేశాను. భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, విప్పిన భాగాలన్నీ వరసగా పేర్చాను. చేతులు వాటంతట అవే పేర్చాయి. మధ్యలో పవర్ సప్లై డబ్బా, అటు ఒక కార్డు, ఇటు ఒక కార్డు. అటు ఒక ప్లగ్గు, ఇటు ఒక ప్లగ్గు. స్టూడియో భయ్యా స్టూలెక్కి పైనుంచి తీశాడు. కడిగి తెచ్చిన ఫొటోలు చూసి, ఎగ్జిబిషన్లో పెట్టొచ్చన్నాడు. ఫొటోలు అంటించి, కింద నా దస్తూరితో రాసి, జిరాక్స్ తీయించి, దారంతో కుట్టి సిస్టరమ్మకి ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో అందుకుంది.

వారం తిరక్కముందే ఒక పెట్టె ఆగిపోయింది. పవర్ సప్లై పోయింది. నేను పాత సామాన్ల కొట్లో ఇంకొకటి వెతికి పంపించాను గాని, బిలాస్‌పూర్ లైన్లో సిగ్నళ్ళు చెడి నాలుగు రోజులు ఇంటికే రాలేదు. ఫరవాలేదు, పుస్తకం ఉంది కదా అనుకున్నాను.

నేను తిరిగొచ్చేసరికి సిస్టరమ్మ మా వరండాలో కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో నా పుస్తకం, ఒక కాలిన మదర్‌బోర్డు. మా ఆవిడ ఇచ్చిన టీ ముట్టకుండా చల్లారిపోయి ఉంది.

"ఫొటోలో ఉన్నట్టే పెట్టాను నాయనా" అంది.

ఆ పెట్టెల సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. పవర్ సప్లై నుంచి బోర్డుకి కరెంటు రెండు ప్లగ్గుల ద్వారా వెళుతుంది. రెండూ ఒకే ఆకారం. పక్కపక్కనే ఒకే వరసలో దిగుతాయి. ఒక్కొక్క ప్లగ్గుకి ఒక కొసన నల్ల వైర్లుంటాయి. రెండు ప్లగ్గుల నల్ల వైర్లూ మధ్యలో ఒకదాని పక్కన ఒకటి రావాలి. తారుమారు చేసినా ప్లగ్గులు బుద్ధిగా దిగుతాయి, ఎవరూ అడ్డుచెప్పరు. స్విచ్చి వేస్తే బోర్డు కాలిపోతుంది. ఇది నాకు ఎంత బాగా తెలుసంటే, రాయాలన్న ఆలోచనే రాలేదు. ఫొటోలో ఉన్న వరసలోనే పెట్టండి అని మాత్రం రాశాను.

ఆ పేజీ తీశాను. తెల్లగుడ్డ మీద నా రెండు ప్లగ్గులూ ముచ్చటగా ఉన్నాయి. జిరాక్సులో రంగు తెలియకపోయినా పేర్చినవాణ్ణి నాకు తెలుసు, నల్ల వైర్లు రెండు అటు చివర, రెండు ఇటు చివర. తూకం కుదిరింది. అందం కోసం ఒకదాన్ని ఇటునుంచి అటు మార్చి పెట్టిన క్షణం కూడా నాకు గుర్తొచ్చింది.

రంగులు చూసుకోలేదా అని అడుగుదామని నోరు తెరిచాను. జిరాక్సులో రంగులెక్కడివి? అయినా ఆవిడకి రంగుల సంగతి చెప్పిందెవరు? తెరిచిన నోటితోనే, ఇది మీ తప్పు కాదండీ, నాది, అని చెప్పి ఎలా జరిగిందో చూపించాను. బల్ల సర్దినట్టు సర్దానని కూడా చెప్పాను.

ఆవిడ చాలాసేపు ఆ ఫొటో చూసింది. "మా థియేటర్లోనూ బల్ల సర్దుతాం. కత్తెరలు అందం కోసం పెట్టం నాయనా. డాక్టరు చెయ్యి చాపితే ఏది ముందు దొరకాలో అది ముందు పెడతాం. మళ్ళీ రాయి" అంది. చల్లారిన టీ తాగి లేచింది.

ఆ పూట నేను మోకాళ్ళ మీద ఉండి ఏడ్చాను. బోర్డు పోయినందుకు కాదు. నా పనిని చూసి మెచ్చుకునేవాళ్ళ కోసం రాశాను గాని, స్క్రూడ్రైవర్ పట్టుకుని భయపడుతూ కూర్చునే మనిషి కోసం రాయలేదని అప్పుడు తెలిసింది. లేచాక ఒక నిర్ణయం చేసుకున్నాను. ఈస్టర్‌కి ఇంకా మూడు వారాలుంది. మొదటి పుస్తకంలో ఒక్క పేజీ కూడా ఉంచుకోను. అక్షరం నుంచి మళ్ళీ మొదలు.

సెలవు పెట్టి రెండు వారాలు బీర్‌గావ్‌లోనే ఉన్నాను. ఈసారి తెల్లగుడ్డ లేదు. పెట్టె ఎక్కడుంటుందో అక్కడే, ఆ మసితోనే, సిస్టరమ్మ కుర్చీలో కూర్చుంటే ఆవిడ కళ్ళకి ఎలా కనిపిస్తుందో అలాగే తీయాలన్నాను. స్టూడియో భయ్యాకి ఇది అస్సలు నచ్చలేదు. నేను రోజూ మొహాల మీద మచ్చలు దాచి బతుకుతుంటే నువ్వు మసిని ఫొటో తియ్యమంటావేంటని సణిగాడు. అయినా తీశాడు. మధ్యాహ్నం కిటికీ ఎండని ఒక స్టీలు పళ్ళెంతో పెట్టె లోపలికి మళ్ళించాం. ఫ్లాష్ వేస్తే బోర్డు మీద తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనబడదు. దగ్గర వస్తువులు తీసే కెమెరా అద్దం ఆయన దగ్గర ఒకటే ఉంది. దానికి గీత పడితే, ఆ గీత ఫొటో మూలకి వచ్చేటట్టు తిప్పి తిప్పి వాడాం. రీలు కడిగించి చూస్తే సగం మసకగా వచ్చాయి. మసకవి పారేసి మళ్ళీ తీశాం.

ఫొటోల్లో చేతులు సిస్టరమ్మవి. ఏ వేలు ఎక్కడ పట్టుకోవాలో చేతిని చూస్తేనే తెలుస్తుందని ఆవిడే పట్టుబట్టింది. ప్లగ్గుల దగ్గరికొచ్చేసరికి జిరాక్సులో నలుపు తెలియదు కదా, ఏం చేద్దామని నేను తల పట్టుకుంటే, ఆవిడ సంచిలోంచి తెల్లటి ప్లాస్టర్ చుట్ట తీసింది. దెబ్బలకి వేసే పట్టీ. ప్లగ్గులు లాగకముందే ఇటు నల్ల వైర్లకి ఒక పట్టీ, అటు నల్ల వైర్లకి ఒక పట్టీ చుట్టింది. మళ్ళీ పెట్టేటప్పుడు రెండు పట్టీలూ పక్కపక్కన తగలాలి, అంతే. జిరాక్సులో ఆ తెల్ల పట్టీలు దీపాల్లా కనబడ్డాయి.

రాయడం అంతకన్నా కష్టమైంది. నేను రాసిన వాక్యం ఆవిడ పాట అందిచ్చినట్టు పైకి చదివేది, హిందీలో చెప్పేది, ఒక విద్యార్థిని చేసేది. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ వాక్యం తప్పని లెక్క. ఒక వాక్యంలో రెండు పనులుంటే ఆవిడ చదవనని పుస్తకం మూసేసేది. ఒక్క పాదం, ఒక్క పని, ఒక్క ఫొటో. సిగ్నల్ శాఖలో నేర్చుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ కొట్టేశాను. చివరికి ఆ పేజీలో ఇలా మిగిలింది: నలుపు పక్కన నలుపు. పట్టీ పక్కన పట్టీ. చివర, మూత మూసే ముందు స్క్రూలు లెక్కపెట్టాలన్న పాదం ఆవిడదే. థియేటర్లో కుట్లు వేసే ముందు గుడ్డముక్కలు లెక్కపెట్టకుండా ఎవరినీ కదలనిచ్చేది కాదట.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు సెక్రటరీ గారు బీర్‌గావ్ వచ్చారు. షరతు ఆయనే చెప్పారు. బాగున్న పెట్టెలో పవర్ సప్లై పూర్తిగా విప్పి మళ్ళీ బిగించాలి. నేను గదిలో ఉండకూడదు. మిగిలినవి రెండే పెట్టెలు. ఇది కాలిందంటే ఈస్టర్ దాకా ఆగే పనే లేదు. నేను సిస్టరమ్మ వైపు చూశాను. ఆవిడ పుస్తకం తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

వరండాలో బెంచీ మీద నన్ను కూర్చోబెట్టారు. సెక్రటరీ గారు గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు, ఒక కన్ను లోపల, ఒక కన్ను నా మీద. నాకు గోడ తప్ప ఏమీ కనబడదు. వినబడేది మాత్రం అంతా వినబడింది. సిస్టరమ్మ ఒక పాదం తెలుగులో చదివేది. దాన్నే హిందీలో అందిచ్చేది. ఆడవాళ్ళందరూ కలిసి తిరిగి చెప్పేవారు. తర్వాత స్క్రూడ్రైవర్ చప్పుడు. మళ్ళీ ఒక పాదం. మా ఆదివారం ఆరాధన బయట నిలబడి విన్నట్టే ఉంది.

ప్లగ్గుల పాదం వచ్చింది. నలుపు పక్కన నలుపు. అందరూ చెప్పారు. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం ఎంతకీ తెగలేదు. ఎవరో మెల్లగా ఏదో అడిగారు, సిస్టరమ్మ ఆగమంది. ప్లగ్గు దిగడం లేదని నాకు అర్థమైంది. ఎందుకు దిగడం లేదో కూడా అర్థమైంది. ఒక్క మాట చెబితే చాలు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

సెక్రటరీ గారు నా వైపు తిరిగి, "కూర్చోండి బ్రదర్. పుస్తకం ఉంది కదా" అన్నారు. గొంతులో ఎగతాళి లేదు.

కూర్చున్నాను. ఆ కంప్యూటర్ కోసం ప్రార్థించలేదు. ప్రభువా, నా నోరు పట్టుకో అని మాత్రం అడిగాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

లోపల టక్కుమని ఒక చప్పుడు. వెంటనే ఇంకొకటి. సిస్టరమ్మ తర్వాతి పాదం చదివింది. స్విచ్చి పాదం వచ్చింది, అందరూ తిరిగి చెప్పారు. ఫ్యాను తిరిగింది. ఆ తర్వాత, పెట్టె బాగుందని చెప్పే ఆ ఒక్క చిన్న కూత వినబడింది.

నేను లోపలికి పరిగెత్తాను. ఎవరూ నన్ను పట్టించుకోలేదు. సిస్టరమ్మ పళ్ళెంలో స్క్రూలు లెక్కపెడుతోంది. ఒకటి తక్కువైంది. అది దొరికితే గాని మూత మూయనంది. ఆడవాళ్ళు నేలంతా తడిమారు. చివరికి సెక్రటరీ గారు కూడా పంచె సర్దుకుని, మోకాళ్ళ మీద వంగి బల్ల కింద వెతికారు. అది ఆయన చెప్పు కిందే ఉంది. తీసి ఆవిడ చేతిలో పెట్టి, "కుర్చీలు మా ఇంటి వసారాలో పెట్టుకుంటానులెండి" అన్నారు.

అందరూ వెళ్ళాక నేను పుస్తకం తీసి చూశాను. ప్లగ్గుల పాదం కింద పెన్సిల్‌తో సిస్టరమ్మ దస్తూరీ. ముందు కొంచెం వాల్చి ఆనించాలి, తర్వాత నిలబెట్టి నొక్కాలి. నేను రాయనిది అదే. నా చేతులకి తెలిసినా నా కలానికి తట్టని పాదం. ఆవిడ ఆ నిశ్శబ్దంలో దాన్ని కనిపెట్టి, ప్లగ్గు దిగాక ముందు పెన్సిల్ తీసి రాసి, ఆ తర్వాతే ముందుకు కదిలింది. నేనా రోజే ఆ పేజీ విప్పి, ఆవిడ మాట ఆవిడ మాటగానే అచ్చంగా ఎక్కించాను.

మరుసటి ఏడాది సెక్రటరీ గారు చెప్పినట్టే నాకు బదిలీ వచ్చింది. పెట్టెలు మాత్రం నడిచాయి. ఇంకెక్కడో పాత కంప్యూటర్లున్న రెండు మందిరాల వాళ్ళు ఆ పుస్తకం జిరాక్స్ తీయించుకున్నారని విన్నాను. రిటైరై తిరిగొచ్చాక నేను ఇంకా బల్ల సిద్ధం చేస్తూనే ఉన్నాను, అటూ ఇటూ తూకంగానే పెడతాను. అది అక్కడికి తగును. కాలిన బోర్డు నేను రాసుకునే బల్ల సొరుగులో ఉంది.

ఇంతదాకా ఓపికగా చదివినవారు, పుస్తకం మూసే ముందు నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. ఎక్కడో ఒక మసి గదిలో, తనకి రాని పనిని కాగితం నమ్ముకుని మొదలుపెట్టిన మనిషి కోసం ప్రార్థిద్దాం. ప్రభువా, ఆ చేతులకి భయం తీసెయ్యి. ఆ కాగితం రాసినవాడి చేత నిజం రాయించు, వాడు మరిచిన పాదం చదివేవారికి నువ్వే అందియ్యి. ఆమేన్.